ఇల్లంతా ఒకే బూడిద నీలం

రంగులు వేయించాలనుకోగానే గదికో రంగు ఎంచుకోవడం మనకు అలవాటు. హాలుకు లేత పసుపు, పిల్లల గదికి గులాబీ. ఈమధ్య కొందరు ఇల్లంతా ఒకే రంగు, బూడిద కలిసిన లేత నీలం వేయిస్తున్నారు. అందులో పస ఉంది. ఒక గదిలోంచి మరో గది గోడ కనబడే చిన్న ఫ్లాట్లలో రంగు మారిన చోటల్లా చూపు ఆగుతుంది. ఒకే రంగైతే సాగిపోతుంది, ఇల్లు కాస్త విశాలంగా తోస్తుంది. పైగా మన గోడలకు నీలం కొత్తేమీ కాదు. వెల్ల వేసేటప్పుడు సున్నంలో కాస్త నీలిమందు కలిపేవారు, పసుపు ఛాయ విరిగి తెలుపు తేటపడాలని. టేకు గుమ్మాల పక్కన, ఎర్రటి గచ్చు మీద ఈ రంగు మరీ బాగా కుదురుతుంది.

అంతా ఒకటే అయితే విసుగు పుట్టదా? గోడ ఒకటే గానీ వెలుగు ఒకటి కాదు. తూర్పు కిటికీలోంచి ఉదయపు ఎండ పడితే అది వెచ్చని బూడిద. ఎండ తక్కువగా వచ్చే ఉత్తరపు గదిలో అదే డబ్బాలోని రంగు నీలంగా తేలుతుంది. దిగులుగా ఉంటుందన్న అభ్యంతరం మాత్రం బలమైనదే. 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ కింద ఇల్లు ఆసుపత్రిలా ఉంటుంది. 3000 కెల్విన్ బల్బు పెడితే మెత్తబడుతుంది. పగలే చీకటిగా ఉండే గదికి ఏ బల్బూ చాలదు, అక్కడ మీగడ తెలుపే నయం.

షేడ్ కార్డు చూసి నిర్ణయించకండి. చిన్న డబ్బా తెచ్చి, రెండు గోడల మీద రెండేసి అడుగుల మేర రెండు కోట్లు వేయించి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి దీపాల కింద చూసి, అప్పుడు పెయింటర్‌కు అడ్వాన్సు ఇవ్వండి.