పెరటి మామిడి టెంక



వేసవిలో మామిడిపండు తినుటయు, టెంకను పెంటపై విసరుటయు మనకందఱకును అలవాటే. ఆ టెంకను గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

టెంక నాటుట కష్టమైన పని కాదు గాని, అది ఆలస్యమున కోర్వదు. ఎండి మూలబడిన టెంక మొలవదు. పండు తిన్న రెండు మూడు వారములలోపుననే కడిగి, లోని జీడి నొవ్వకుండ పైపెంకును విప్పి, ఇసుకయు పశువుల యెరువును కలిపిన మట్టిలో రెండంగుళముల లోతున జీడిని పాతవలెను. నీరు నిలువరాదు, తడి ఆరరాదు. సుమారు మూడు వారములకు రాగిరంగు చివురు తలయెత్తును. అంటుమొక్క మూడు నాలుగేండ్లకే కాచును గాని, టెంకమొక్క కాపునకు ఆరు మొదలు పది యేండ్లు వేచియుండవలెను.

నేనొక వేసవిని మేలైన బంగినపల్లి పండు తిని, దాని టెంకను పెరట నాటితిని. ఎనిమిదవ యేట కాచినది. పండు నోట బెట్టగా పులుపు, పీచు! బంగినపల్లి కడుపున పుట్టి యిట్లు కాయునా యని కోపించి గొడ్డలి తెప్పించితిని. మా తల్లిగారు అడ్డు నిలిచి, "నాయనా, తీయగా కాచెదనని అది నీకు మాట యిచ్చినదా? ఊరగాయకు పులుపే గదా కావలసినది!" అనిరి. మఱుసటి యేట ఆ చెట్టు కాయలతో పెట్టిన ఆవకాయ మా వీధిలో ఆరేడిండ్లకు పోయినది.

పిమ్మట విచారించి తెలిసికొంటిని. కొన్ని జాతుల టెంకలలో పలు మొలకలు వచ్చును; అవి చాలవఱకు తల్లినే పోలును. బంగినపల్లి టెంకలో పిండమొక్కటే. అది పుప్పొడి కలయికవలన పుట్టినది గావున తల్లిని అచ్చుగ్రుద్దినట్లు పోలదు. ప్రసిద్ధమైన దశహరి మామిడికి మూలవృక్షము లక్నో చెంతనున్న దశహరి గ్రామమున టెంకనుండి లేచిన చెట్టే. అంతియకాదు, పేరుగొన్న అంటుమొక్క నిలుచునది పేరులేని టెంకమొక్క వేరుమీదనే.

12వ శతాబ్దమున కల్యాణనగరమున బసవేశ్వరుడు బోధించినదియు నిదియే గదా! చాకలి మడివాళ మాచయ్యను, చర్మకారుడు హరళయ్యను, పడవ నడుపు అంబిగర చౌడయ్యను ఏ కడుపున పుట్టితిరని శరణులు అడుగలేదు. వారి కాయకమును, నడవడిని చూచిరి. ఈ మాట నేను బడిలో ఏండ్ల తరబడి చెప్పితిని. చెప్పుచునే, పండితుల యింటి పిల్లవానిని ముందు వరుసలో కూర్చుండబెట్టితిని. కూలివాని కుమారుని చూడకయే వెనుకకు పంపితిని. గొడ్డలి పట్టిననాడు చెట్టుపై చూపిన తొందరపాటునే తరగతిలో పిల్లలపై చూపితినని ఆలస్యముగా గ్రహించితిని. చెట్టు మిగిలినది. ఆ పిల్లలకు పోయిన యేండ్లు మరలి రావు.

కావున ఈ వేసవిని ప్రతి యింటను ఒక టెంక నాటుడు. నాటి నీరు పోయుట మన కాయకము. తీయని పండైనచో పంచుడు. పుల్లనిదైనచో ఊరగాయ పెట్టి పంచుడు. కాయకున్నను నీడ నిచ్చును, అంటుకు వేరు నిచ్చును. ఏ విధముగ జూచినను అది దాసోహమే. కాచువఱకు చెట్టునకు గాని, ఎదుగువఱకు బిడ్డకు గాని వెల కట్టకుడు.