పొరుగువారి చెట్టును గూర్చిన ధర్మవిచారము

మనుష్యుని ధర్మబుద్ధి పెద్ద విషయములలో కంటె చిన్న విషయములలోనే యెక్కువగా పరీక్షింపబడుచుండును. సభలలో మానవసౌభ్రాత్రమును గూర్చి గంటలకొలది యుపన్యసింపగల పెద్దమనుష్యుడు, పొరుగింటి మునగకొమ్మ తన పెరటిలోనికి వంగి వానకాలమున గొంగళిపురుగులను రాల్చినప్పుడు ఏమి చేయునో చూచినగాని, ఆ సౌభ్రాత్ర మెంతటిదో తెలియదు. ఇది నవ్వదగిన మాటవలె కనబడును. కాని న్యాయవాదవృత్తియందుండి యిట్టి తగవులను పలుమారు చూచిన మేము దీనిని నవ్వులాటగా తలంపజాలము.

ముందుగా చట్టము చెప్పునదేమో చూతము. చెట్టు ఎవరి నేలలో మొలచి యున్నదో వారి సొత్తు. దాని కొమ్మలు హద్దు దాటి యెన్ని యేండ్లు వ్యాపించియున్నను, అట్లు వ్యాపించియుండుటకు చెట్టుగలవానికి హక్కు కలుగదు. ఇంగ్లండులో లెమ్మన్, వెబ్ అనువారి నడుమ జరిగిన వ్యాజ్యమున 1894వ సంవత్సరమున ప్రభువుల సభవారు ఈ సంగతినే స్థిరపఱచిరి. కొమ్మలు కొట్టుటకు ముందు చెట్టుగలవానికి తెలియజేయవలెనని మొదట విచారించిన న్యాయాధిపతి చెప్పగా, కొట్టువాడు తన నేల విడిచి యవతల అడుగు పెట్టనంతవరకు అట్లు తెలుపనక్కఱలేదని పై న్యాయస్థానములవారు నిర్ణయించిరి. మన దేశపు న్యాయస్థానములును సామాన్యముగా ఈ త్రోవనే నడచినవి. అయినను కొట్టిన కొమ్మయు, దాని కాయలును చెట్టుగలవానివే. కొట్టినవాడు వానిని తన వంటయింటికి చేర్చుకొనరాదు. ఇక చెట్టును మొదలంట నఱుకుటకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో 2002వ సంవత్సరపు జల, భూమి, వృక్ష చట్టమును బట్టి సామాన్యముగా అధికారుల యనుమతి కావలెను. చెట్టు తనదే యైనను కావలెను.

ఇప్పుడు మా ప్రశ్న యేమనగా: చెప్పకయే కొమ్మను కొట్టవచ్చునని చట్టము సెలవిచ్చినది గనుక, చెప్పకయే కొట్టుట ధర్మమగునా? కాదని మా దృఢాభిప్రాయము. ఏలయనగా, చట్టము 'ఈ పనికి నిన్ను దండింపను' అని మాత్రమే చెప్పినది; 'ఈ పని మంచిది' అని చెప్పలేదు. ఈ రెండు మాటలకును గల భేదమును మఱచుటచేతనే చదువుకొన్నవారు చదువురానివారికంటె గొప్ప కలహములు తెచ్చుకొనుచున్నారు.

అడుగుటవలన కలుగు లాభము మొదట చెట్టునకే కలుగును. మామిడి పుష్యమాఘములలో పూతకు వచ్చును. అప్పుడు కొమ్మను నఱికినచో ఆ కొమ్మమీది యా యేటి ఫలము పోవును. కాయలు దిగిన పిమ్మట కొట్టినచో చెట్టు మరల చిగిర్చును. ఒక ప్రక్క కొమ్మలనే తెగగొట్టినచో బరువు తప్పి గాలివానకు చెట్టు కూలవచ్చును. ఎప్పుడు, ఎంతవరకు కొట్టవలెనో చెట్టును పెంచినవానికి తెలిసినంత గోడ కీవలివానికి తెలియదు. రెండవది యింతకంటె గొప్పది. ఆ చెట్టును ఆ యింటివారి తండ్రియో తాతయో నాటి నీరుపోసి యుండవచ్చును. వారినడిగినప్పుడు మనము వారిని వివేకముగల మనుష్యులనుగా గౌరవించుచున్నాము. అడుగనప్పుడు, అడ్డువచ్చిన కొమ్మతో పాటు వారినిగూడ అడ్డముగానే యెంచుచున్నాము.

మే మెఱిగిన రెండు కుటుంబములవారిలో ఒకరు పనివానిచేత పొరుగువారి మామిడికొమ్మను చెప్పకయే నఱికించిరి. చట్టము వారి పక్షముననే యుండెను. మఱునెల పొరుగువారికి ఆ గోడ తమ స్థలములోనికి జానెడు వచ్చినదని తోచెను. సర్వేయరు వచ్చెను, కమీషనరు వచ్చెను, సాక్షులు వచ్చిరి. పిట్టగోడమీదుగా మజ్జిగ, కరివేపాకు ఇచ్చిపుచ్చుకొనుచుండిన స్త్రీలు మొగములు త్రిప్పుకొనిరి. కలహమునకు మూలమైన కొమ్మ కట్టెయై పొయ్యిలో కాలిపోయిన పిమ్మట గూడ వ్యాజ్యము పెక్కేండ్లు నిలిచియుండెను.

చెట్టుగలవాని ధర్మమును విడువరాదు. 'చెట్టు లోకమునకు నీడనిచ్చును గదా' యని యతడు చెప్పును. ఆ నీడకు వెలనిచ్చువా డెవడు? ఆకులతో చూరుకాలువ పూడిపోయినవాడు, వేళ్లచేత గోడ బీటవారినవాడు, కొబ్బరికాయ పడి పెంకులు పగిలినవాడు. ఇతరుల సొమ్ముతో చేసిన దానము దానము కాదు. కావున పొరుగువాడు వచ్చి మొఱపెట్టుకొనకముందే తన ఖర్చుతో కొమ్మలు దింపించుట, కంచెమొక్కలను హద్దుకు కొంత లోపలగా నాటి యేటేట కత్తిరించుట, చెట్టుగలవాని విధి. మనుస్మృతి హద్దులయందు మఱ్ఱి, రావి మొదలగు వృక్షములను నాటుమని చెప్పినది. హద్దుచెట్టు ఫలములు ఉభయులవియునని నారదస్మృతి చెప్పినది. స్మృతులలోని పెక్కు విధులు నేడు మన కంగీకారములు కాకపోయినను, హద్దు విడదీయునది మాత్రమే కాక కలుపునదియు కావచ్చునను ఈ యూహ గ్రహింపదగినదే.

చదువరులారా, ఇక్కడ మనలను మనము పరీక్షించుకొనవలసిన చోటొకటి కలదు. పొరుగువాడు ధనవంతుడో పై యధికారియో యైనచో మనము స్వయముగా వెళ్లి, కూర్చుండి, వినయముతో సంగతి విన్నవింతుము. గోడ కావల గుడిసెలోని కూలివాని మునగచెట్టైనచో గొడ్డలి యిచ్చి పనివానిని పంపుదుము. ఆ చెట్టు కాయలే యొకవేళ ఆ యింటి కూరకు ఆధారమై యుండవచ్చును. అడుగుట మర్యాదయే యైనచో అది యిరువురకును సమానముగా చెల్లవలెను. బలవంతుని మాత్రమే యడుగుట మర్యాద కాదు, భయము.

'ఎన్నిమారు లడిగినను విననివాని నేమి చేయవలెను?' అని కొందఱడుగుదురు. ఓర్పు పిఱికితనము కారాదు. మొదట నోటితో అడుగవలెను. పిమ్మట ఏ కొమ్మ, ఎంతవరకు, ఏ దినమున అనునది స్పష్టముగా వ్రాసి తెలుపవలెను. ఉభయులును గౌరవించు నొకరిని నడుమ నుంచి మాటలాడవలెను. అదియు సాగనిచో, 1987వ సంవత్సరపు న్యాయసేవాధికార సంస్థల చట్టమువలన ఏర్పడిన లోక్ అదాలతులు కలవు. అచ్చట ఉభయుల సమ్మతిపై జరిగిన పరిష్కారము సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. ఇన్నియు విఫలమైనప్పుడు, గోడ కీవలనున్నంతమట్టుకే కొమ్మను కొట్టించి, కొట్టిన కొమ్మను కాయలతో సహా వాని వాకిటికి పంపవలెను. అట్లు చేసినవానిని పగవాడని యెవరును అనజాలరు. రాత్రివేళ వేళ్లలో ఉప్పునీరు పోయువాడు మాత్రము తగవును గెలిచినను మనుష్యత్వమును కోల్పోయినవాడే.

కోర్టువారి పని తీర్పుతో ముగియును. పొరుగువారు మాత్రము తీర్పు వచ్చిన మఱునాడును ఆ గోడ కిరువైపులనే కాపురము చేయవలసినవారు. కావున ఈ యేడు తొలకరికి ముందుగా మన చదువరులు తమ పెరటిలోనికి వ్రాలిన కొమ్మలను లెక్కించుటకు బదులు, తమ చెట్ల కొమ్మలు ఎవరి యింటిపై వ్రాలియున్నవో చూచుకొని, ఆ యింటివారిని పలుకరింపవలెనని కోరుచున్నాము.