20 అంగుళాలా, 26 అంగుళాలా?

టెక్సస్‌లో జింకల వేటకు వెళ్తుంటాను. విన్‌చెస్టర్ 1894 లివర్ రైఫిల్ కొనబోతే ధర్మసందేహం ఒకటి పట్టుకుంది. బ్యారెల్ 20 అంగుళాల కార్బైన్‌దా, 26 అంగుళాల రైఫిల్‌దా?

పొట్టిది పొదల్లో చిక్కుకోదు, చటుక్కున భుజానికొస్తుంది. పొడవుదానిలో తూటా వేగం కాస్త పెరుగుతుంది గానీ అసలు లాభం అది కాదు. ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం ఎక్కువ కాబట్టి గురి ఏమాత్రం పక్కకు జరిగినా కంటికి తెలిసిపోతుంది. ముందువైపు బరువు వల్ల బ్యారెల్ అంతగా ఊగదు.

భారతంలో జింక రూపంలో ఉన్న కిందమ ముని, తనను వేటాడినందుకు పాండురాజును తప్పుపట్టలేదు. జంటగా కూడిన వేళ ఆగనందుకు శపించాడు. వేటగాడి ధర్మమంతా ఆ ఆగడంలోనే ఉందని నా నమ్మకం. దెబ్బతిన్న జింక పొదల్లో పడి గంటల తరబడి విలవిల్లాడితే ఆ పాపం తూటాది కాదు, తొందరపడ్డవాడిది. చటుక్కున లేచే తుపాకీ చటుక్కున కాల్చమనే పురిగొల్పుతుంది. అందుకే 26 అంగుళాలదే తీసుకున్నాను.

మీరు ఏది కొన్నా, ముందు కాగితం మీద కాల్చి చూసుకోండి. గురి కచ్చితంగా తగిలే దూరం దాటి జింక కనబడితే, దయచేసి వదిలేయండి.