గీత మీద పడిన బంతి

చి. మేనకోడలికి,

టెన్నిస్ నేర్చుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. రాకెట్ ఎలా పట్టుకోవాలో, సర్వ్‌కి బంతి ఎంత ఎత్తు ఎగరెయ్యాలో కోచ్ చూసుకుంటాడు, నేను వాటి జోలికి రాను. నేను చెప్పదలచింది బంతి లోపల పడిందో బయట పడిందో చెప్పడం గురించి. నువ్వు ఆడబోయే ఆటల్లో చాలావాటికి అంపైర్ ఉండడు. వలకి నీ వైపు పడిన బంతికి తీర్పరివి నువ్వే, అటు పడినదానికి అవతలి అమ్మాయి. బంతి అంచు గీతకి తగిలినా లోపల పడినట్టే లెక్క. సరిగ్గా కనబడలేదా, అప్పుడూ లోపల పడినట్టే, పాయింటు ఆమెదే. ఫోర్‌హ్యాండ్ కుదరడానికి నెలలు పడితే పట్టనీ, ఈ అలవాటు మాత్రం మొదటి ఆట నుంచే చేసుకో.

ఇదేదో మర్యాద కోసం చెబుతున్నాననుకోకు. ఈ విషయంలో మన కన్ను నమ్మదగింది కాదు. డేవిడ్ విట్నీ అనే పరిశోధకుడి బృందం వింబుల్డన్‌లోని నాలుగు వేలకు పైగా పాయింట్ల వీడియోలు పరిశీలించి, 2008లో ఫలితాలు ప్రచురించింది. అందులో దొరికిన తప్పుడు తీర్పులు 83. వాటిలో 70, లోపల పడిన బంతిని బయట పడిందన్నవే. పొరపాట్లు ఏ వైపూ మొగ్గకుండా జరిగేవైతే అటూ ఇటూ ఇంచుమించు సమానంగా ఉండాలి కదా! వేగంగా పోతున్న వస్తువు మన చూపుకి అసలు చోటు కంటే కాస్త ముందున్నట్టు కనిపిస్తుందని వాళ్ల వివరణ. గీతని కనిపెట్టుకుని ఉండడమే పనైన అనుభవజ్ఞుల సంగతే ఇలా ఉంటే, ఆయాసపడుతూ పరిగెత్తుతూ, పైగా ఆ పాయింటు తనకే రావాలని కోరుకుంటూ చూసే కొత్తమనిషి చూపు ఏపాటిది? అనుమానం వస్తే ఎదుటివారికి వదిలెయ్యమనే నియమం దానధర్మం కాదు, మన చూపులోని మొగ్గుని సరిచేసే లెక్క.

‘నేనిలా వదిలేస్తూ పోతే, అవతలామె గీత మీద పడినవన్నీ బయటే అంటే?’ అని అడుగుతావు. అనేవాళ్లుంటారు. అయితే పైన చెప్పిన లెక్కనే ఆమెకీ వర్తింపజెయ్యి: మోసం చేస్తోందనుకునే ముందు, ఆమెకి అలాగే కనబడి ఉండవచ్చునని ఒప్పుకోవాలి. ‘ఖాయంగా చూశావా?’ అని ఒకసారి అడుగు. పోటీ ఆటైతే రిఫరీని పిలువు. కసి కొద్దీ నువ్వూ తప్పు చెప్పడం మొదలుపెడితే ఆ ఆటలో తెలిసేది ఎవరి నోరు పెద్దదో, అంతే.

నిజాయితీకి ఫలితం దక్కుతుందని చెప్పడానికి పెద్దలు ఒక కథ ఎత్తుకుంటారు. 1982 ఫ్రెంచ్ ఓపెన్ సెమీఫైనల్‌లో విలాండర్ అనే ఆటగాడి మ్యాచ్ పాయింటు దగ్గర ప్రత్యర్థి క్లెర్క్ కొట్టిన బంతి బయట పడిందని తీర్పిచ్చారు. పదిహేడేళ్ల విలాండర్ ఆ గెలుపు వద్దని పాయింటు మళ్లీ ఆడించాడు, గెలిచాడు, చివరికి టైటిల్ కూడా అతనిదే. ముచ్చటైన కథే, కానీ నాకు రాడిక్ అనే మరో ఆటగాడి కథ ఎక్కువ నచ్చుతుంది. 2005లో రోమ్‌లో అతని మ్యాచ్ పాయింటు దగ్గర ప్రత్యర్థి వెర్దాస్కో రెండో సర్వ్ బయట పడిందన్నారు. మట్టి కోర్టు మీద మచ్చ చూపించి, కాదు లోపలే పడిందని రాడిక్ తనే చెప్పాడు. ఆ మ్యాచ్ ఓడిపోయాడు. నీ విషయంలోనూ ఇలా జరగవచ్చు, కాబట్టి బహుమతి ఆశతో ఈ అలవాటు చేసుకోకు. వింబుల్డన్‌లో 2025 నుంచి లైన్ జడ్జిల పని యంత్రాలే చేస్తున్నాయంటావా, నీ కోర్టుకి ఆ యంత్రాలు రావు. సిమెంటు మీద మచ్చా మిగలదు.

అలాగని అతిమంచితనానికి పోకు. స్పష్టంగా బయట పడింది చూసి కూడా లోపలే అనడం నిజం కాదు, డబుల్స్‌లోనైతే నీ జోడీకి అన్యాయం కూడా. చూసిన వెంటనే, అవతలికి వినబడేలా చెప్పు. అవుట్ అన్నాక పొరపాటని తోస్తే మాట మార్చుకుని పాయింటు ఆమెకి ఇచ్చెయ్యి. బంతిని తిప్పికొట్టి, అది వలలో పడ్డాక అవుట్ అని అరవడం మాత్రం ఎన్నడూ చెయ్యకు.

ఇట్లు,
మామయ్య