అడవికి పోయిన అతిథి

కార్తికమాసమున మన వైపు కుటుంబములు కొన్ని కలిసి వనభోజనమునకు పోవుట పూర్వాచారము. ఉసిరిచెట్టు నీడ, ఏటి నీరు, లింగార్చన, అటుపై పిల్లలు పెద్దలు ఒకే పంక్తిని కూర్చుండి భోజనము. ఇందు తప్పు పట్టవలసినది ఏమున్నదని చదువరులు అడుగవచ్చును. నేనును చిరకాలము అట్లే తలచితిని. కొన్ని ఏండ్ల క్రిందట సీతంపేట కొండలలో జరిగిన ఒక చిన్న సంగతి నా తలపును కదల్చినది.

ఆ దినమున మేము ముప్పదిమందిమి. ఊరి పేరు, జలపాతము పేరు చెప్పను. తప్పు మాది గాని ఆ తావుది కాదు. ప్రవేశ రుసుము చెల్లించి, చీటీలు పుచ్చుకొని లోనికి పోతిమి. ఒక పెద్ద చెట్టు మొదట మూడు రాళ్ళు పెట్టి, చుట్టుప్రక్కల ఎండుపుల్లలు ఏరి, పొయ్యి వెలిగించితిమి. వంట ముగిసినది. పూజయైనది. కాగితపు పళ్ళెములలో వడ్డించుకొని తిని, ఆ పళ్ళెములను, ప్లాస్టిక్ గ్లాసులను ఒక గుంటలో పోసి పైన మట్టి కప్పితిమి. శుభ్రముగానే చేసితిమని మా నమ్మకము.

అంతలో కొండదారిని ఒక వృద్ధురాలు దిగి వచ్చినది. సవర స్త్రీ. చేతిలో తాడు మాత్రమే ఉన్నది, మోపు లేదు. మా యింటివారు పిలిచి అన్నము పెట్టబోగా, ఆమె కాగితపు పళ్ళెము వలదని, ప్రక్కన అల్లుకొనియున్న తీగ నుండి రెండు అడ్డాకులు కోసి వాని మీద పెట్టించుకొన్నది. తినిన పిమ్మట ఆ ఆకులను మడిచి అక్కడనే ఒక మూల ఉంచి, మా పొయ్యి వైపు చూచి నాతో ఇట్లన్నది:

"బాబూ, పుల్లలకెళ్తే గార్డు బాబు కేకలేత్తాడు. మొన్న మా కోడలి కత్తి లాగేసుకున్నాడు. మీరు చెట్టు కిందే పొయ్యెట్టీసినారు, మిమ్మల్ని ఏటీ అన్లేదేటి?"

"మేము టిక్కెట్టు కొన్నాము గదమ్మా" అంటిని.

"టిక్కెట్టెంత బాబూ?"

చెప్పితిని. ఆమె నవ్వినది. "అయితే మాకూ ఓ టిక్కెట్టిప్పించండి బాబూ" అని తాడు భుజముపై వేసికొని వెడలిపోయినది.

ఆమె ఎగతాళి చేసినదో, నిజముగనే అడిగినదో నేటికిని నాకు తెలియదు. ముప్పది ఏండ్లుగా పిల్లలకు తెలుగు చెప్పుచున్న నాకు ఆ దినమున సమాధానము దొరకలేదు. మరు సంవత్సరము అదే తావునకు పోయి చూడగా, మేము పొయ్యి పెట్టిన వైపు చెట్టు బెరడు నల్లబడి నిలువునా చీలియున్నది. వాన కోతకు మా గుంట తెరచుకొని, గ్లాసులన్నియు వాగు వెంబడి చెదరియున్నవి.

అడవి అందరిది అందుము. ఈ "అందరిది" అను మాటకు రెండు అర్థములు కలవు. అందరిది గనుక నాది కూడ, నేను అనుభవింతును అనునది ఒకటి. అందరిది గనుక నా ఒక్కనిది కాదు, నేను కాపాడి అప్పగింపవలయును అనునది రెండవది. సత్రపు అరుగుకును, ఊరి చెరువుకును ఈ చిక్కే కలదు. కాని చెరువు చెడినచో ఊరివారికి నెలలో తెలియును. అడవి చెడినచో అనుభవించి వచ్చినవానికి ఎన్నటికిని తెలియదు, అతడు శ్రీకాకుళములోనో, విశాఖలోనో ఉండును. తెలియునది కొండ మీదివానికి, కొండ క్రింది రైతుకు.

చరిత్ర చూచినను ఇదే కనబడును. మన రెండు జిల్లాల అడవులు ఒకప్పుడు విజయనగరము, బొబ్బిలి, సాలూరు, కురుపాము వంటి సంస్థానముల చేతిలో ఉండెడివి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము "రిజర్వు" అను మాటను తెచ్చినది. 1948లో ఎస్టేటుల రద్దు చట్టము వచ్చిన పిమ్మట జమీందారీ అడవులు ప్రభుత్వపరమైనవి. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1980లో అడవి భూమిని ఇతర పనులకు మార్చుటకు కేంద్రము అనుమతి కావలయునను చట్టము వరుసగా వచ్చినవి. ఇవి లేనిచో ఈ పాటి పచ్చదనమైనను మిగిలెడిది కాదు. ఆ మాట ఒప్పుకొనవలయును. అయినను జమీందారు వేటకు పోయిన అడవికి నేడు మనము విహారమునకు పోవుచున్నాము. చేతులు మారినవి. తాడు పట్టుకొని దారి ప్రక్కన నిలిచిన సవర స్త్రీ మాత్రము అక్కడనే నిలిచియున్నది.

ఇది మన దేశమునకే చెందిన దోషము కాదు. 1872లో అమెరికాలో యెల్లోస్టోన్ ప్రాంతమును ప్రజల ఆనందమునకై ప్రత్యేకించిరి. లోకములో జాతీయ వనములకు అదియే తొలి దారి. కాని తరతరములుగా అచ్చట వేటాడి బ్రదికిన ఆదివాసులు ఆ "ప్రజల"లో లెక్కకు రాలేదు, వారిని వెడలగొట్టిరి. అదే దేశమున 1960లో చేసిన మరియొక చట్టము కలప, మేత, నీరు, వన్యప్రాణులతో పాటు విహారమును గూడ ప్రభుత్వ అడవుల ప్రయోజనములలో ఒకటిగా చేర్చినది. కాగితము మీద అన్నియు సమానమే. నేల మీద మాత్రము ఎవరికి నోరున్నదో వారి ప్రయోజనము ముందునకు వచ్చును.

మన దేశమున 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టము ఈ లోపమును దిద్దుటకు పుట్టినది. అడవిలో దొరకు చింతపండు, జిగురు, అడ్డాకు వంటి చిన్న ఫలసాయమును సేకరించుకొను హక్కును, తమ అడవిని తామే కాపాడుకొను హక్కును అది గ్రామసభకు ఇచ్చినది. చట్టము కొండ ఎక్కుటకు చాల కాలము పట్టును. ఆ వృద్ధురాలి కోడలి కత్తియే అందుకు సాక్షి.

మా పాఠశాలలో విజ్ఞానశాస్త్రము చెప్పు మిత్రుడొకడు నా వాదమును ఒప్పుకొనడు. "మేష్టారూ, మీరు చెప్పినట్లు అందరిని ఆపివేసిన, రేపటి పిల్లవాడు అడవిని పుస్తకములో తప్ప చూడడు. చూడనిదానిని వాడెట్లు ప్రేమించును? ప్రేమింపనిదానిని ఎట్లు కాపాడును?" అని అతని ప్రశ్న. ఇది త్రోసిపుచ్చదగినది కాదు. విశాఖ చెంత కంబాలకొండ యున్నది. అది ఒకనాటి విజయనగర ప్రభువుల అడవియే, 2002లో అభయారణ్యమైనది. అందులో ఒక భాగమును మాత్రము సందర్శకులకు విడిచి, మిగిలినదానిని దాని మానాన దానిని ఉంచుట జరుగుచున్నది. అంత పెద్ద నగరపు పిల్లలకు అడవి యనగా ఏమో అచ్చట తెలియుచున్నది. నేను విహారమునకు శత్రువును కాను. పైగా ఇష్టలింగధారికి దేవుని వెదకుటకై కొండ ఎక్కవలసిన పని లేదు. దేవుడు అతని కరతలమునందే యున్నాడు. కావున మనలో ఎవడైనను కొండకు పోయినచో కొండ కొరకే పోవలయును. అట్టివాడు కొండను చెరచి వచ్చుట మరింత వింత కాదా?

ఇచ్చట నాకు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ గుర్తునకు వచ్చును. కల్యాణమున నేల రాలిన బియ్యపు గింజలను ఏరుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు రోజూ తెచ్చుదానికన్న ఎక్కువ తెచ్చెను. ఇది మనకు అక్కరలేనిది, తెచ్చిన చోటనే పోసి రమ్మని భార్య లక్కమ్మ మందలించినది. ఆ కథను మనము పేదరికమునకు, నిజాయితీకి ఉదాహరణముగా చెప్పుకొందుము. నాకు మాత్రము అది అందరి సొత్తును గూర్చిన కథ. రాలిన గింజ ఎవరిదియు కాదు, ఏరుకొన్న తప్పు లేదు. అయినను అక్కరకు మించి ఏరినచో అది రేపు మరియొకడు ఏరుకొనవలసిన గింజ. సవర స్త్రీ ఒక మోపు పుల్లలు కోరినది. ఆమె పొయ్యికి అది చాలును. మేము ఒక్క పూట ఉల్లాసమునకు ఒక చెట్టును కాల్చితిమి. మనలో ఎవరు మారయ్య, ఎవరు లక్కమ్మ?

కాయకమున్నచోటనే దాసోహమునకు అర్థము. అడవికై ఏ కాయకము చేయని నేను టిక్కెట్టు కొన్నంతమాత్రమున యజమానుడను కాను. అతిథిని. అతిథికి పీట వేయుదురు గాని పెట్టె తాళములు ఈయరు. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితులలోని గిరిజనులే బసలను నడిపి, వచ్చినవారికి వండిపెట్టి, అడవిని చూపుచున్నారు. సీతంపేట వైపు జలపాతములకు, కొండ శిఖరములకు నానాటికి రద్దీ పెరుగుచున్నది. చీటీ సొమ్ములో కొండవాని భాగమెంతో చీటీ మీదనే అచ్చువేయవలయునని నా కోరిక. నవ్వినవారు నవ్వవచ్చును.

అతిథి ధర్మము మనవారికి తెలియనిది కాదు. టెక్కలి చెంత తేలినీలాపురము చూడుడు. ఏటేట చలికాలమునకు ముందు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఆ ఊరి చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వేసవి ముదురులోపల వెళ్ళిపోవును. ఇచ్ఛాపురము వైపు తేలుకుంచికి తొలకరి వేళ నత్తలను తిను కొంగలు వచ్చును. పెరటి చెట్టు మీద వందల పక్షులున్నచో వాసన ఎంతయో, ఇల్లాలికి చాకిరి ఎంతయో ఊహింపుడు. అయినను ఆ ఊరివారు రాయి వేయరు. పుట్టింటికి పురిటికి వచ్చిన ఆడపిల్లలను చూచినట్లు చూతురు. పక్షులు వచ్చిన యేడు వానలు పండునని వారి నమ్మకము. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ వైపు చెట్లను నేల కూల్చినప్పుడు జనులు తమ కొబ్బరిచెట్ల కొరకు ఏడ్చిరి. పక్షులు ఇక ఎచ్చట వ్రాలునని బెంగపడినవారును లేకపోలేదు. అది కంచె వేసి కాపాడిన అడవి కాదు. చూడవచ్చినవారిని ఎవరును పొమ్మనరు. గట్టిగా అరచిన మాత్రము ఊరివారే కసురుకొందురు.

పక్షికి చూపిన దయ ఏనుగునకు చూపుట కష్టమని నాకు తెలియును. ఒరిస్సా వైపు నుండి దిగిన ఏనుగుల గుంపులు పార్వతీపురము, కురుపాము ప్రాంతములలో చెరకును, అరటిని త్రొక్కినవి, మనుష్యులును చనిపోయిరి. 2023 మే నెలలో భామిని మండలమున నాలుగు ఏనుగులు విద్యుదాఘాతముతో మరణించినవి. వానికి అడవి హద్దురాళ్ళు చదువ రావు. పంట పోయిన రైతునకు దయను గూర్చి ఉపన్యాసమిచ్చుటకు నాకు నోరు రాదు. ఒకటి మాత్రము చెప్పుదును. మనము ఎన్నడును పోని అడవి కొంత ఉండవలయును. దారి వేయక, దీపము పెట్టక, వంటశాల కట్టక, ఎవరును ఫొటో తీయని అడవి. ఏనుగు అందులో ఇమిడినంత కాలమే అది మన చేలకు రాకుండును.

గడచిన కార్తికమున మా కుటుంబములు మరల కొండకు పోయినవి. ఇంటిలోనే వండి మోసికొనిపోతిమి. అడవిలో నిప్పు ముట్టింపలేదు. సంతలో సవర స్త్రీల యొద్ద అడ్డాకుల కట్ట కొని, పిల్లలచేతనే విస్తళ్ళు కుట్టించితిమి. మొదటి విస్తరి కుట్టినంతలో పులుసు కారిపోయెనని మా మనుమరాలు ఏడ్చినది. సగము విస్తళ్ళు వంకరగానే వచ్చినవి. నీటి సీసాలు తిరిగి తెచ్చుటకు ఒక గోనెసంచి పట్టుకొనిపోతిమి. వచ్చునప్పుడు అందులో మా సీసాలకన్న ఇతరులవే ఎక్కువ ఉన్నవి. నల్లబడిన ఆ చెట్టు ఒక ప్రక్క ఎండి, రెండవ ప్రక్క చిగిర్చియున్నది. ఆ వృద్ధురాలి కొరకు సాయంత్రము వరకు దారి వైపు చూచుచునే యుంటిని. ఆమె రాలేదు. గుమ్మము వద్ద చీటీలు ఇచ్చు యువకుని అడిగితిని. కొండ మీది ఊళ్ళలో అటువంటి ముసలివారు చాలమంది ఉన్నారు, ఎవరని చెప్పగలనని అతడనెను.