కంటపడని ప్రాణికి మనం పడ్డ బాకీ

మన కథల్లో జింక అంటే అందమే. సీతమ్మ కోరింది బంగారు లేడిని. జాతక కథలో బోధిసత్వుడు పుట్టింది బంగారు వన్నె జింకగానే. అంత అందాన్ని చూసి జాలిపడటం పెద్ద ధర్మమేమీ కాదు. మన దయకు అసలు పరీక్ష నల్లమలలో బతికే మూషిక జింక. ఎత్తు అడుగుకు అటూ ఇటూ, బరువు రెండు నుంచి నాలుగు కిలోలు. కొమ్ములుండవు, మగదానికి చిన్న కోరలుంటాయి. శాస్త్రజ్ఞులు దాన్ని అసలు జింకల కుటుంబంలోనే చేర్చరు. పగలు తొర్రల్లో, బండల సందుల్లో నక్కి, రాత్రి ఒంటరిగా తిరుగుతూ రాలిన పళ్లు, ఆకులు, చిగుళ్లు తింటుంది. మనలో చాలామంది దాన్ని చూడకుండానే జీవితం గడిపేస్తారు. అలాంటి ప్రాణి పట్ల కూడా మనకు ధర్మం ఉందని నా నమ్మకం.

అది గింజలు వెదజల్లుతుంది, చిరుతకు ఆహారమవుతుంది, కనుక కాపాడాలని కొందరంటారు. మాట నిజమే, కానీ పునాది బలహీనం. ఆ పని మరో జంతువు చేయగలిగిన రోజున దీని ప్రాణానికి విలువ పోతుందా? కర్నూలు ప్రాంతంలోని ఎర్రగుడి బండల మీద కూడా చెక్కించిన అశోకుడి మొదటి శిలాశాసనం గుర్తుకొస్తుంది. ఒకప్పుడు లక్షల ప్రాణులు బలైన రాజు వంటశాలలో ఇప్పుడు రోజుకు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమే, ఆ జింక కూడా నిత్యం కాదు. ఇకపై ఆ మూడూ చావవని అందులో ఉంది. లెక్క చూసుకునేవాడైతే ఆ మూడింటి దగ్గర తృప్తిపడి ఆగిపోయేవాడు. తర్వాతి స్తంభ శాసనంలో, ఉపయోగానికీ తిండికీ రాని నాలుగుకాళ్ల జంతువులన్నిటికీ ఆయన రక్షణ ఇచ్చాడు. దాన్నుంచి నేను గ్రహించేది ఇదే: బతకడానికి ఏ ప్రాణీ కారణం చూపనక్కర్లేదు, చంపేవాడే చూపాలి.

అడవిలో రేచుకుక్కలు చంపడం లేదా అని ఎవరైనా అడగొచ్చు. రేచుకుక్కకు మరో దారి లేదు. దారి ఎంచుకోగలవాడికే ధర్మం వర్తిస్తుంది. ఆకలితో ఉచ్చు పన్నే పేదవాడి సంగతేమిటన్న ప్రశ్న ఇంకా బరువైనది. అతని ఆకలి ఒక కారణమే, దాన్ని తోసిపుచ్చలేం. అందుకే ఈ బాధ్యత మొదట మోయాల్సింది కడుపు నిండినవాళ్లు: అడవినీ కాపాడాలి, అతని ఆకలినీ తీర్చాలి.

ఇది ఆచరణకు అందని ఆదర్శమూ కాదు. హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో 2010లో సీసీఎంబీ పరిశోధన సంస్థ తోడ్పాటుతో మూషిక జింకల సంతతిని పెంచే పని మొదలైంది. అక్కడ పుట్టినవాటిని తర్వాత అమ్రాబాద్ అడవుల్లో వదిలారు. పెంచినవాళ్లకు అవి మళ్లీ కనిపించకపోవచ్చు. అయినా చేశారు. ప్రతిఫలం ఆశించని దయ అంటే ఇదే.