టెంకాయ కొట్టాక మిగిలేది

మహానందిలోనో, మంత్రాలయంలోనో, ఒంటిమిట్టలోనో టెంకాయ కొట్టించినవాళ్లు ఒక చిప్పను ప్రసాదంగా ఇంటికి తెచ్చుకుంటారు. పిలకలూ, పీచూ, గుడి వీధిలో నీళ్లు తాగి పారేసిన బోండాల డొక్కలూ అక్కడే మిగిలిపోతాయి. వాటిని పారిశుధ్య కార్మికులు ఊడ్చి ఊరి బయట కుప్ప పోస్తారు, కొన్నిచోట్ల తగలబెడతారు. మొక్కు తీరింది కాబట్టి తన పనీ తీరిందనుకుంటాడు భక్తుడు. అలా అనుకోవడం ధర్మమేనా? కాదనే నా వాదం. టెంకాయ పగలగానే సమర్పణ ముగిసిపోదు. మిగిలింది తిరిగి నేలకు చేరేదాకా ఆ బాధ్యత సమర్పించినవాడిదే.

ఇందుకు ఆధారం భగవద్గీత మూడో అధ్యాయంలోనే ఉంది. ప్రాణులు అన్నం వల్ల, అన్నం వాన వల్ల, వాన యజ్ఞం వల్ల, యజ్ఞం కర్మ వల్ల కలుగుతున్నాయని అక్కడ ఒక చక్రం కనిపిస్తుంది. ఆ చక్రాన్ని నడపనివాడి బతుకు వ్యర్థమని కృష్ణుడు నిక్కచ్చిగా చెబుతాడు. యజ్ఞంలో మిగిలింది తినేవాళ్లను మెచ్చుకొని, తమ కోసమే వండుకునేవాళ్లు పాపమే తింటున్నారంటాడు. యజ్ఞశేషమనగానే మనకు ఆహారమే గుర్తొస్తుంది. కానీ తినదగిన శేషానికి నియమం ఉండి, తినలేని శేషానికి ఏ నియమమూ లేకపోతే చక్రం అక్కడే తెగిపోతుంది. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే కర్నూలు, కడప సీమలో ఈ తెగడం మరీ బాధ కలిగిస్తుంది. కోనసీమ లాంటి తడి నేలల్లో కాసిన కాయలు ఇక్కడి గుళ్లకు లారీల్లో వస్తాయి. ఎక్కడి నీళ్లో తాగి పెరిగిన పీచు ఎండిన నేల గడప దాకా వస్తే, దాన్ని మంటల్లో వేస్తున్నాం.

ఆ పీచుకున్న గుణమేమిటో కూడా చూడాలి. డొక్కలో దాదాపు మూడో వంతు నార, మిగతాది పొట్టు. నార తాళ్లకూ చాపలకూ పోతుంది. ఒకప్పుడు పనికిరాదని గుట్టలుగా పోసిన పొట్టునే ఇప్పుడు కోకోపీట్ అని అమ్ముతున్నారు. అది తన బరువుకు ఎనిమిది రెట్లకు పైగా నీటిని పట్టుకోగలదు. లిగ్నిన్ ఎక్కువ కాబట్టి తొందరగా కుళ్లదు. షేడ్‌నెట్ నర్సరీల్లో మిరప, టమాటా నారు ట్రేలలో దీంట్లోనే మొలుస్తోంది. చలిదేశాల్లో ఇదే పనికి పీట్ అనే మొక్కల అవశేషాల మట్టిని తవ్వుతారు. బురద నేలల్లో అది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరే పేరుకుంటుంది. తవ్వితే వేల ఏళ్లుగా నిలిచిన కర్బనం గాలిలో కలుస్తుంది. పొట్టులో మొక్కకు బలం మాత్రం తక్కువ, ఎరువు కలపక తప్పదు.

దేవుడికిచ్చినదాన్ని పెరట్లో వాడుకోవచ్చా అని కొందరు అడుగుతారు. తేలిగ్గా తోసేయదగ్గ ప్రశ్న కాదిది. శైవ సంప్రదాయంలో శివ నిర్మాల్యం చండేశ్వరుడిది, ఇతరులు ముట్టకూడదు. స్వామి సొత్తును సొంతానికి వాడుకోకుండా కాపాడే కట్టుబాటుగా దాన్ని నేను గౌరవిస్తాను. గుడిలోని శేషం గుడి తోటకే పోతే ఆ కట్టుబాటు చెడదు. రామానుజుల మాట మీద తిరుమలలో అనంతాళ్వారు పూలతోట పెంచాడని సంప్రదాయం చెబుతుంది, తోటపని కైంకర్యమే. తులసికీ మారేడుకీ పాదులో చేరిన పీచు మళ్లీ ఆకై స్వామి పాదాలకే చేరుతుంది. వీధిలోని బోండాల డొక్కలైతే అసలు నివేదనే కాలేదు, వాటికి ఏ నిషేధమూ వర్తించదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే అభ్యంతరం నీళ్లది. పచ్చి పొట్టులో పొటాషియం, సోడియం లవణాలుంటాయి. కడగకుండా వాడితే లేత వేళ్లు దెబ్బతింటాయి. తాగునీటికే బిందెలు వరస కట్టే ఊళ్లలో పొట్టు కడగమనడం అన్యాయం. అందుకే ఇక్కడ డొక్కను పొట్టు చేయకుండానే వాడాలంటాను. వానాకాలమంతా ఆరుబయట కుప్పగా వదిలితే చాలా ఉప్పు వానతోనే దిగిపోతుంది. తర్వాత ఆ డొక్కల్ని చీనీ, మామిడి పాదుల చుట్టూ పరిస్తే తడి ఆవిరైపోదు. కొబ్బరి తోటల్లో డొక్కల్ని దోసిలిలా పైకి తెరిచి గాడిలో పూడ్చే అలవాటు పాతదే.

అలాగని కడప మిద్దె మీద తొట్ల కోసం దూరం నుంచి కోకోపీట్ ఇటుకలు తెప్పించుకోవడాన్ని యజ్ఞశేషంతో పోల్చలేను. అది కొనుగోలే, అందులో తప్పేమీ లేదు, కానీ అక్కడ తీరే రుణమంటూ లేదు. ఎర్రనేల రైతుకు శేషం ఇంకా దగ్గర్లో ఉంది: శెనక్కాయలు ఒలిచాక మిగిలిన పొట్టు, ఎండాకాలం చెరువులో తేలే పూడిక మట్టి. టెంకాయ విషయంలో ముందుగా కదలాల్సింది దాన్ని కొట్టించే గుడి, తర్వాత మొక్కుకున్న ఇల్లు. కార్తీకంలో కుప్పలు పెరిగేలోపు ప్రతి దేవస్థానం తన తోట పక్కనే డొక్కలకు ఒక గుంత తవ్వించుకోవచ్చు.